ఆడబిడ్డ వంతు

బస్సులో మాంసం కూర వాసన.

అల్లం, ఎండుకొబ్బరి, కొంచెం పొగ… దేవిక చుట్టూ చూసింది. ఎవరి ఒళ్ళోనూ గిన్నె లేదు, డబ్బా లేదు. సిద్దిపేట దాటి ధూళిమిట్ట వైపు పోతున్న ఆ బస్సులో వాసన ఆమె ఒక్కదానికే వస్తోంది.

పోయిన శ్రావణం నుంచీ ఇంతే. వంటింట్లో వస్తుంది. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడూ వస్తుంది, సిగ్గు లేకుండా.

ఏటా పోచమ్మకు మేకను కోసిన రోజు, ఆడబిడ్డ వంతు కూర అత్తింట్లో ఉన్న ఆడబిడ్డకు చేరాలి. పుట్టింటి పద్ధతి అది. ఆమె బాప్తిస్మం తీసుకున్నాక కూడా అన్న దుబ్బయ్య మానలేదు. మొదటి ఏడు గిన్నెలో తెచ్చాడు — వద్దంది. రెండో ఏడు తెచ్చాడు — వద్దంది. విగ్రహానికి పెట్టింది ముట్టనంది.

మూడో ఏడు, అంటే పోయిన శ్రావణం, దుబ్బయ్య ఒక అబద్ధం నేర్చుకుని వచ్చాడు. అబద్ధమాడటం అతనికి చేతకాదు, పాపం.

“గిది అమ్మకు కోసింది గాదు చెల్లె. దుకాణంల కొన్న. తిను.”

అతని నుదుటి మీద పోచమ్మ పసుపు ఇంకా ఆరలేదు.

“అయితే నా నెత్తి మీద ఒట్టెయ్యి అన్నా.”

దుబ్బయ్య చెయ్యి లేచింది. ఆమె తల దాకా వచ్చింది… ఆగింది.

దుబ్బయ్య గిన్నె తీసుకుని తిరుగు బస్సెక్కాడు. కార్తీకంలో, వరి కోతల్లో, పొలం గట్టు మీద కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

మొన్న ఆదివారం చర్చిలో మహేశ్ పాస్టర్ ఒక పాత సంగతి చెప్పాడు. రోము చక్రవర్తుల కాలం. కొరింథు అనే పట్నం. గుళ్ళలో బలిచ్చిన మాంసం అంగడికీ వచ్చేదట. కొత్తగా నమ్మిన వాళ్ళకు అదే గుబులు — తినాలా, వద్దా? అప్పుడు సువార్త చాటే అపొస్తలుడొకడు వాళ్ళకు ఉత్తరం రాశాడట. ఎవరైనా భోజనానికి పిలిస్తే పోవచ్చు, పెట్టింది తినవచ్చు, ఎక్కడిదని అడగనక్కర్లేదు అని. బలి మాంసమని వాళ్ళే చెబితే మాత్రం మానమని.

అన్న చెప్పలేదు. అడిగింది తనే.

రెండు వేల ఏళ్ళ కిందటి వాళ్ళకు తెలిసిన మర్యాద తనకు తెలియలేదు. అడగకుండా ఒక్క ముద్ద — ఒక్కటి — తిని ఉంటే అన్న నవ్వుతూ పోయేవాడు. ఆ మాట ఆమెను ఎక్కడా కుదురుగా కూర్చోనివ్వదు.

ఇవాళే పోచమ్మకు కోసే రోజు. ఈ ఏడు గిన్నె రాదు. ఎవరు తెస్తారు? అందుకే తానే బయల్దేరింది. ఇవాళ తింటుంది. తినకపోతే ఆ ఇంటికి ఆడబిడ్డ కాకుండా పోతానని భయం.

పుట్టింటి వాకిట్లో వదిన ఎల్లవ్వ ఎదురొచ్చింది. పట్టుకుని ఏడ్చింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో కూర ఉడుకుతోంది — అదే అల్లం, అదే కొబ్బరి, ఈసారి నిజంగానే.

ఎల్లవ్వ పళ్ళెం పెట్టింది. అన్నం. పెసరపప్పు. మామిడికాయ తొక్కు.

“నీకు ఏరే గిన్నెల వండిన, దేవికా. పోయినేడు నీ ఇంటి నుంచి రాంగనే జెప్పిండు మీ అన్న — చెల్లె మనసు కష్టపెట్టొద్దు, ఇగ ఎన్నడు గా కూర పెట్టొద్దు అని.”

“నా వంతు…” అనబోయింది దేవిక. అన్న తన కోసం చెప్పిపోయిన మాటను ఎట్లా తోసెయ్యడం?

పప్పు కలిపింది. తిన్నది. పొయ్యి మీద కూర కుతకుతమంటూనే ఉంది…

“ఇంకింత పప్పు ఎయ్యనా?”

దేవిక పళ్ళెం ముందుకు జరిపింది.