కుదురులేని గీత

నాగేశ్వరి పొద్దున్నే ఆఫీసుకు రాగానే చేసే మొదటి పని, నిన్న తను గీసిన గీతలు ఎక్కడికి పోయాయో వెతుక్కోవడం. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, బోర్డు మీద కప్పిన గుడ్డ తొలగించేది. కాలవ గట్టు దాటి వరిపొలంలో పడి ఉండేది. రైలు పట్టాలు పక్కకు ఒత్తిగిలి ఉండేవి. పొలాల హద్దులైతే ఎవరివి ఎవరివో ఆ దేవుడికే తెలియాలి. ఆమె ఒక నిట్టూర్పు విడిచి, బ్లేడు తీసుకుని ఇంకు గోకడం మొదలుపెట్టేది.

ఇందులో ఎవరికీ వింత కనబడేది కాదు. చందానగర్‌లో బొంబాయి రోడ్డు పక్కన, షాబాదు బండలు పరిచిన ఆ కిరాయి ఇంట్లో రోడ్ల డ్రాయింగ్ ఆఫీసు పెట్టిన నాటి నుంచీ గీతల తీరే అంత. ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకు ఆరిపోయినా, పెద్దసారు సంతకం పడేదాకా గీతకు ప్రాణం ఉంటుంది. రాత్రిళ్ళు ఊరికే పడి ఉండలేక అటూ ఇటూ జరుగుతుంది. గీసినవాళ్ళ గుణమే దానికీ వస్తుంది. నిదానస్తుల గీత నూలుపోగంత కూడా కదలదు. అందుకే ఇంటికి పోయేముందు గీత కింది చుక్కల మీద సీసపు దిమ్మలు పెట్టి పోవాలి. తెల్లారేసరికి గీత ఎక్కడుంటే అదే గీత. నున్నగా ఉంటే పెద్దసారు సంతకం పెడతారు, ఎక్కడైనా కుంటితే వాపసు పంపుతారు. సర్వే వాళ్ళు కూడా సంతకమైన గీతను బట్టే నేల మీద సున్నం పోసేవారు తప్ప, నిన్న ఇక్కడ లేదే అని అడిగేవారు కాదు.

నాగేశ్వరిది పిఠాపురం. మొగుడు సీతారామాంజనేయులు చందానగర్ పక్కనున్న రామచంద్రాపురం ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తా. ఆంధ్రా వాళ్ళు ఉంటారా పోతారా అన్న గొడవలు అప్పుడప్పుడే చల్లబడుతున్న రోజులు. బస్సులో ఎవరు గట్టిగా మాట్లాడినా ఆయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఇంటికొచ్చి, బదిలీకి అర్జీ పెట్టనా మాననా అని భార్యను అడిగేవాడు. ఆమె ఏం చెప్పినా దానికి ఎదురు వాదించేవాడు. ఇళ్ళు మారీ మారీ నాగేశ్వరికి విసుగెత్తిపోయింది. ఏ ఇంట్లో దిగినా మొదటి రోజే, గోడకు మేకులు కొట్టొద్దని ఇంటివాళ్ళు చెప్పేవారు. తనదైన ఒక గోడ కావాలి, దానికి తన ఇష్టం వచ్చినన్ని మేకులు కొట్టుకోవాలి, ఆమెకు ఈ లోకంలో అంతకు మించిన కోరిక లేదు. చందానగర్‌లోనే గుట్ట పక్కన ఒక ప్లాటు కొన్నాక ఆ కోరిక మరీ ముదిరింది. కూర తరుగుతూ కూడా ఆమె మనసులో గదులు కట్టేది, నచ్చక పడగొట్టేది. మనసుకు కుదురు లేకపోతే చేతికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

చేరిన మొదటి రోజే ఆమె పరువు పోయింది. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ వీరేశం ఒక గుడ్డ మీద చుక్కలు పెట్టి, ఇవి స్టేషన్లు, వీటిని పట్టుకుని రైలు లైను గియ్యమన్నాడు. చుక్కలంటే నాగేశ్వరికి తెలియనివా? పుట్టింటి వాకిట్లో ఆమె మెలికల ముగ్గు వేస్తే వీధి వీధంతా వచ్చి చూసేది. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకూడదు, చుట్టి పోవాలి. ఆమె అలాగే గీసింది. లింగంపల్లి నుంచి హఫీజ్‌పేట దాకా రైలు ప్రతి స్టేషనునూ ఓ చుట్టు చుట్టి ముందుకు పోయింది. వీరేశం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. రైలెక్కినోళ్ళు దిగేదెట్లమ్మా అని మాత్రం అడిగాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

కానీ వీరేశం ఓపికమంతుడు. ఆయన గీత గీయడం నేర్పలేదు, చుక్క పెట్టడం నేర్పాడు. కొత్తవాళ్ళకు భయమెక్కువ, అడుగడుక్కీ ఒక చుక్క పెడతారు, చుక్కలెక్కువైతే దిమ్మల సందుల్లోంచి గీత ఉబ్బి బయటికొస్తుంది అనేవాడు. పల్చటి ఇత్తడి బద్దను చుక్కల మధ్య వంచి, అది తనంతట తాను తీసుకునే వంపును చూపించేవాడు. బద్దను బలవంతాన వంచితే విరుగుతుంది, వదిలేస్తే సోలిపోతుంది. చుక్కలు సరైన చోట పడితే బొమ్మను అరచేయంత చేసినా గోడంత చేసినా వంపు చెడదనేవాడు.

"మూడు చుక్కలతోటి అయ్యే వంపుకు పది చుక్కలెందుకు బిడ్డా? చుక్క కాడ గీత ఎటు మొహం పెట్టి చూస్తున్నదో చూడు. అటు పోనియ్యి. నీకు కావల్సిన తానికి గుంజకు."

ఆ మాట ఒంటబట్టడానికి ఆమెకు ఎండాకాలమంతా పట్టింది. చెమట బొట్టు పడితే చాలు, ట్రేసింగ్ గుడ్డ తెల్లగా పొక్కిపోయేది. ముంజేతికి రుమాలు కట్టుకుని, పెన్ను నిలువుగా పట్టి, ఊపిరి బిగబట్టి గీసేది. వానలు మొదలయ్యేసరికి ఆమె గీతలు దిమ్మల కింద బుద్ధిగా ఉండటం నేర్చుకున్నాయి. అప్పుడు వీరేశం ఆమెకు ఒక పెద్ద పని అప్పగించాడు. బొంబాయి రోడ్డు నుంచి గుట్టల మీదుగా పుప్పాలగూడ వైపు వేయబోయే కొత్త రోడ్డు అది. ఈ నకలు నిలబడితే ఆమె ఉద్యోగం ఖాయమవుతుందన్నాడు.

పెన్సిలు నకలు మీద ఆ రోడ్డుకు మూడు చుక్కలున్నాయి. ఒకటి పెద్దరోడ్డు కూడలి, ఒకటి వాగు మీద వంతెన. నడిమి చుక్క ఏమిటా అని వంగి చూసింది. అది నీలమ్మ ఇల్లు.

నీలమ్మ అంటే వాళ్ళు ఒక వాటాలో కిరాయికుంటున్న ఇంటి యజమానురాలు. ఆమె భర్త రాళ్ళు కొట్టేవాడు. గుట్ట రాళ్ళు తనే పగలగొట్టి తెచ్చి ఆ ఇల్లు కట్టాడు. పోయాక ఆ పెరట్లోనే సమాధి చేశారు. నీలమ్మకు పిల్లల్లేరు, బర్రెలే లోకం. రోజూ పాలు పితికాక మొదటి గిన్నెడు సమాధి మీద పోసి, తరవాతే ఇంటింటికీ పోయేది. మేకుల సంగతి ఆమె ఒక్కతే ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తినా ప్రయోజనం లేదు, ఆ రాతిగోడల్లోకి మేకు దిగదు.

వాకిట్లో ఆమె బర్రెకు గడ్డి వేస్తున్నప్పుడు నాగేశ్వరి ఆఫీసు నుంచి వచ్చింది. చూసీ చూడనట్టు లోపలికి పోబోతే నీలమ్మే పిలిచింది.

"నాగేశ్వరమ్మా, మీరు గీసే సడక్ మా ఇంటి మీదికెల్లి పోతదంటున్నరు. నిజమేనా?"

నాగేశ్వరి తలూపింది.

"ఇల్లంటే ఇంకోకాడ లేపుకుంట. ఆయన్నెట్ల తీస్కపోవాలె? నేను పోయినంక నన్ను సుత ఆయన పక్కన్నే పెట్టాలని అనుకున్నం." అంతే అంది. బతిమాలలేదు, కన్నీళ్ళు పెట్టలేదు, ఆపమని అడగలేదు. గడ్డిమోపు విప్పి రెండో బర్రె దగ్గరికి పోయింది. అడిగి ఉంటే నాగేశ్వరి, నా చేతిలో ఏముందమ్మా అని తప్పించుకునేది. అడగకపోవడంతో ఆమెకు ఎటూ దారి లేకపోయింది.

మర్నాడు ఆమె ఆ రోడ్డు గీసింది. అంత చక్కటి గీత ఆ ఆఫీసులో అదివరకు ఎవరూ గీయలేదని వీరేశమే అన్నాడు. పొద్దున పెద్దసారు వస్తున్నారు, దిమ్మలు చూసి పెట్టమని చెప్పి బస్సుకు వెళ్ళిపోయాడు. కూడలి మీద ఒక దిమ్మ పెట్టింది. వంతెన మీద ఒకటి పెట్టింది. మూడోది చేతిలో పట్టుకుని కూర్చుంది.

దిమ్మ పెట్టకపోతే తన గీత ఏం చేస్తుందో ఆమెకు తెలుసు, చుక్కను వదిలి పక్కనుంచి చుట్టుకు పోతుంది. ఎటువైపు పోతుందో కూడా తెలుసు. నీలమ్మ ఇంటికి అటువైపు రాళ్ళగుట్ట, గీత గుట్ట ఎక్కదు. ఇటువైపు ప్లాట్ల వరస. ఆ వరసలో వంపుకు అడ్డం వచ్చేది చివరి ప్లాటు ఒక్కటే. అది తాము కొన్న ప్లాటే. తూర్పు గుమ్మం, వంటింట్లో అలమర, పడకగదికి రెండు కిటికీలు అన్నీ ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడ్డాయి. ఆమెకు ఏడుపొచ్చింది. నీలమ్మ మీద కోపమూ వచ్చింది. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా ఈమె ఇంట్లోనే ఎందుకు దిగామా అనుకుంది. దిమ్మను చుక్క మీద పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. కాపలా అతను తాళంకప్ప పట్టుకుని వచ్చి నిలబడ్డాక, దిమ్మను తీసి సొరుగులో పెట్టి ఇంటికి పోయింది.

తెల్లారేసరికి రోడ్డు నీలమ్మ ఇంటిని వదిలి, ఒక్క వంపు తిరిగి, చివరి ప్లాటు నట్టనడుమ నుంచి వంతెనకు చేరింది. పెద్దసారు గీత వెంట వేలు పోనిచ్చారు. ఎక్కడా కుంటు తగల్లేదు. సంతకం పెట్టారు. గీత ఇక కదలదు. వీరేశం మాత్రం సొరుగులోని దిమ్మను చూసి, ఆమెను చూసి, సొరుగు మూసి తన బోర్డు దగ్గరికి వెళ్ళాడు.

ఆదివారం నాడు సీతారామాంజనేయులు కొలత తాడు పట్టుకుని ప్లాటుకు బయల్దేరాడు. వద్దనలేక ఆమె కూడా వెళ్ళింది. ప్లాటు మధ్యలో పోసిన సున్నపు చార చూసి ఆయన అలాగే నిలబడిపోయాడు. నాగేశ్వరి జరిగిందంతా చెప్పింది.

"ఇటే వస్తుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ."

"నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెబితే మీరు వద్దనేవారు. మీరు వద్దంటే దిమ్మ పెట్టేసేదాన్ని. నాకు మాత్రం ఇష్టమయి వదిలాననుకున్నారా?"

ఆయన తాడు చుట్టుకుని ఇంటికి నడిచాడు. దసరా దాకా ఆమెతో పలకలేదు. ఆమె వడ్డిస్తే తిన్నాడు, చొక్కా ఇస్తే తొడుక్కున్నాడు, అంతే. తను చేసింది మంచిదో చెడ్డదో తేలక నాగేశ్వరికి అన్నం సయించేది కాదు. ఒకనాడు పొద్దున్న ఆయన పంచె ఎగ్గట్టి నిచ్చెన వేసుకుని ఇంటి కప్పు ఎక్కాడు. పగిలిన పెంకులు నేను సర్దుతానండీ అని నీలమ్మతో అంటుంటే లోపల నుంచి వింది. కిరాయి ఇంటి పెంకు ఏనాడూ ముట్టని మనిషి. బదిలీ అర్జీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఉద్యోగం ఖాయమైనా నాగేశ్వరి గీతలు పూర్తిగా మారిపోలేదు. దిమ్మ పెట్టడం మరిస్తే ఇప్పటికీ వాగులు పొలాల్లో పడుతున్నాయి. ఒక్క వంపుతో కుదురు వచ్చేస్తే ఇంకేం కావాలి?

కొన్నేళ్ళకు నీలమ్మ జ్వరంతో పోయింది. కోరుకున్నట్టే పెరట్లో భర్త పక్కన పెట్టారు. ఆ మర్నాడు నాగేశ్వరి ఆఫీసు పని మీద పుప్పాలగూడ బస్సు ఎక్కింది. బస్సు వంపు తిరిగింది. నిలబడ్డవాళ్ళంతా ఒక పక్కకు ఒరిగి, కడ్డీలు గట్టిగా పట్టుకున్నారు. పక్కనున్న పడుచువాడు ఆమె మీద పడబోయి తమాయించుకున్నాడు.

"సీదా పోవాల్సిన సడక్ గిట్ల వంకర ఎందుకు తిప్పిన్రో," అని గొణిగాడు.

"ఇక్కడ ఇద్దరు నిద్రపోతున్నారు బాబూ," అంది నాగేశ్వరి.

అతను కిటికీలోంచి వంగి చూశాడు. అతనికి ఏం కనబడిందో ఏమో, వంపు అయిపోయేదాకా అటే చూస్తూ ఉన్నాడు.