పాలల్లో గుడ్డు

నలుగురు పిల్లల్ని కని పెంచినదాన్ని. ఒక్కళ్లనీ ఖాళీ కడుపుతో పడుకోనివ్వలేదు. అలాంటి నాతో మా కోడలు ఏమందంటే, నా మనవరాలికి తినడం నేర్పించడానికి వారానికి రెండుసార్లు ఒకావిడ దగ్గరికి తీసుకెళ్తుందట. నోట్లో ముద్ద పెట్టడానికి కూడా పెద్ద చదువులు కావాలా? రేపు తుమ్మడానికి కూడా మాస్టారిని పెడతారు కాబోలు అన్నాను. మా అబ్బాయి విననట్టు పేపర్లో తల దూర్చేశాడు.

పిల్లకి నాలుగేళ్లు. పిచ్చుక అని పిలుస్తాం. దాని నోటికి సయించేవి మూడే మూడు: అంచులు కోసేసిన బ్రెడ్డు, ఒకే ఒక్క రకం బిస్కెట్టు, నీలం కప్పులో పాలు. ఇంకేది నాలిక మీద పడ్డా ఒళ్లు జలదరించి కక్కేస్తుంది. మనకి మెత్తగా తగిలేది దానికి ఇసక నమిలినట్టు ఉంటుందట. మొండితనం కాదట. మా కాలంలో దీన్ని మొండితనమే అనేవాళ్లం, మందు వీపు మీద వేసేవాళ్లం.

ఆ వైభోగమేమిటో చూద్దామని ఒకరోజు నేనూ వెళ్లాను. ఆ తిండి టీచరు గంటసేపు పిల్ల చేత క్యారెట్ ముక్కతో బల్ల మీద గీతలు గీయించింది. చివర్లో పిచ్చుక దాన్ని పెదవికి ఆనించి తీసేసింది. అంతే, లంకెబిందెలు దొరికినట్టు ఆవిడా మా కోడలూ ఒకటే సంబరం. తినలేదు కదమ్మా అన్నాను. తినమని మేం అడగలేదు కదండీ అంది ఆ టీచరు. నాకు ఒళ్లు మండిపోయింది. బయల్దేరేటప్పుడు, పిల్లకి చెప్పకుండా దాని తిండిలో ఏదీ కలపొద్దని మూడుసార్లు చెప్పింది. నమ్మకం పోతే ఆ తినేది కూడా మానేస్తుందట.

అసలు భయం వేరే ఉంది. పిల్ల బరువు పదకొండు కిలోలు. అంతకంటే తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి పాలు పంపాల్సిందేనని డాక్టరు అన్నాడు. గురువారం మళ్లీ తూస్తానన్నాడు. అందుకని ఆదివారం కోడలు స్నానానికి వెళ్లగానే గుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన మెదిపి, వడగట్టి మరీ పాలల్లో కలిపాను. గురువారం తూకం చూశాక ఎవరి చదువు గొప్పదో తేలుతుంది అనుకున్నాను.

పిచ్చుక ఒక్క గుక్క తాగింది. కప్పు కింద పెట్టి నా మొహం చూసింది. ఏడవలేదు. ఆ పూట నుంచి పాలు ముట్టలేదు.

గురువారం పది కిలోల ఏడువందలు. సోమవారం దాకా ఆగుతాను, ఆ తర్వాత గొట్టమే అన్నాడు డాక్టరు. అక్కణ్ణించి తిండి టీచరు దగ్గరికి పరుగెత్తాం. పాలల్లో ఎవరైనా ఏమైనా కలిపారా అని అడిగింది ఆవిడ.

"మా అత్తయ్యగారు నోటితో అంటారు గానీ, అలాంటి పని చెయ్యరండి" అంది మా కోడలు.

నేను కిటికీలోంచి బస్సులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి పిచ్చుక ముందు కూర్చున్నాను. "పాలల్లో గుడ్డు కలిపింది నేనే. ఇంకెప్పుడూ కలపను" అన్నాను. కోడలి చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. పిల్ల చూస్తుండగా కొత్త ప్యాకెట్టు కత్తిరించి కప్పులో పోశాను. పిచ్చుక దాన్ని నా వైపు తోసింది.

"నువ్వు తాగు."

నా సంగతి చెప్పాలి ఇక్కడ. నాకు పాల వాసన పడదు. ఊహ తెలిసినప్పటి నుంచి గొంతు దిగలేదు. మా అమ్మ బతిమాలి బతిమాలి ఊరుకుంది. మా ఆయన ఉన్నన్నాళ్లూ నాకు పాలు పొయ్యని టీ విడిగా పెట్టించాడు. అరవై ఏళ్లుగా అందరూ 'పాపం, ఆవిడకి పడదు' అన్నారే గానీ, మొండితనం అని ఏ మహానుభావుడూ అనలేదు.

కప్పెత్తి ఒక గుక్క పోసుకున్నాను. గొంతు దాకా వెళ్లి వెనక్కి తన్నుకొచ్చింది. బుగ్గల నిండా పాలు, కళ్ల నిండా నీళ్లు, మింగలేను, కక్కలేను. పిచ్చుక లేచి వెళ్లి ఒక చిన్న గిన్నె తెచ్చి నా గడ్డం కింద పట్టింది.

"ఊసెయ్యి నానమ్మా. ఎవరూ ఏమీ అనరు."

ఊసేశాను. నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. ఈ నాలుగేళ్లలో ఆ పిల్లతో నేను ఒక్కసారైనా ఆ మాట అన్నానా? సిగ్గుతో చచ్చిపోయాను. కోడలు తువ్వాలు అందించింది, నా మొహం మాత్రం చూడలేదు.

పిచ్చుక కప్పు దగ్గరికి లాక్కుంది. వాసన చూసింది. వేలు ముంచి చూసింది. మేమిద్దరం గోడకేసి చూస్తూ కూర్చున్నాం. ఒక గుక్క తాగింది. కాసేపాగి ఇంకోటి తాగి, కప్పు కింద పెట్టేసింది.

రేపు కూడా నేనే ముందు తాగాలట.