బెదరని మంద

రాయమల్లు మందలో భయమనేది ఉంటే గింటే ఒక్క కోడలు మల్లక్క దగ్గరే ఉంది. గొర్రెలకు మాత్రం లేదు.

బోథ్ నుంచి అడవి అంచుకు పోయే దారిలో ఉన్న ఆ పల్లెలో ఈ గొర్రెల ముచ్చట చెప్పుకోని ఇల్లు లేదు. పిడుగు పడినా తల ఎత్తవు. కుక్క మీదికొస్తే ఏం కావాలన్నట్టు చూసి మళ్లీ మేతలో పడతాయి. ఊరికి కొత్తగా బస్సు వచ్చిన రోజు దాని హారనుకు పక్క మందలన్నీ చెట్టుకొకటి పుట్టకొకటి పారిపోతే, ఇవి తీరిగ్గా నడిచి వెళ్లి చక్రాల వాసన చూశాయి. ఊరంతా పగలబడి నవ్వింది. రాయమల్లు కూడా మీసాల చాటున నవ్వుకున్నాడు. ఆయన కొడుకు ఇస్తారిని చేసుకుని అప్పటికి ఏడాది కూడా కాని మల్లక్కకు నవ్వు రాలేదు సరికదా, ఒళ్లు జలదరించింది.

ఆమెదీ గొర్రెలు కాచే కురుమల ఇల్లే. నిర్మల్ దిక్కున ఆమె తల్లి దుర్గవ్వ మందలో ఆకు కదిలితే చాలు, చెవులన్నీ నిక్కబొడుచుకునేవి, తలలన్నీ ఒకే దిక్కు తిరిగేవి. ఆ దిక్కుకు పోకూడదని మల్లక్కకు మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. మనిషి కన్ను కంటే గొర్రె ముక్కు ముందు పసిగడుతుందని నమ్మి అడవిలో బతికినవాళ్లు వాళ్లు. అట్లాంటి ఇంటి నుంచి వచ్చి, బస్సు చక్రం వాసన చూసే గొర్రెలను చూస్తే ఎవరికైనా ఎట్లా ఉంటుంది?

ఇది ఊరికే వచ్చిన గుణం కాదు. రాయమల్లు ఏరి ఏరి తెచ్చుకున్నది. దాని వెనక ఇస్తారి ఉన్నాడు.

ఇస్తారికి చెవులు వినపడవు. పదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ వినికిడిని పట్టుకుపోయింది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అడవిలో మంద మీద తోడేళ్లు పడ్డాయి. గొర్రెలు నాలుగు దిక్కులా ఉరికాయి. వాటి వెంట పిల్లవాడు ఉరికాడు. తండ్రి గొంతు చించుకుని పిలిచినా వాడికి వినపడదు కదా. మూడో రోజున ఒక వాగు గుంటలో, పెదవులు పగిలి, ఒంటి మీద తెలివి లేకుండా దొరికాడు. కొడుకును భుజాన వేసుకుని వస్తూ రాయమల్లు ఒకటే అనుకున్నాడు: ఇక తన మంద చెదరకూడదు.

మిగతా కురుమలు పొట్టేలును కొమ్ములు చూసి, ఎత్తు చూసి ఎంచుకుంటారు. రాయమల్లు ఎంచే తీరే వేరు. ఏటా ఉన్ని కత్తిరించే రోజున ఆయన బావమరిది బుచ్చిరాములు గొంగడిని తలమీంచి కప్పుకుని, ఇత్తడి పళ్లెం ధనధనా మోగిస్తూ దొడ్డిలోకి దూరేవాడు. ఉలిక్కిపడి గోడకు ఎగిరినదాని వీపు మీద సున్నం చుక్క పడేది, వచ్చే అంగడికి అది వెళ్లిపోయేది. పారిపోకుండా వచ్చి బుచ్చిరాములు చేయి వాసన చూసినవి దొడ్డిలో మిగిలేవి. అన్నింటికంటే ముందు మూతి చాచిన పొట్టేలే ఆ ఏటి మంద పొట్టేలు. ఇరవై ఏళ్లకు దగ్గర పడేసరికి సున్నం ముట్టే పని లేకుండా పోయింది. పళ్లెం మోగితే మందకు మంద బుచ్చిరాములును చుట్టుముట్టి గొంగడి నమలడం మొదలుపెట్టింది.

భయంతో పాటు ఇంకా ఏవేవో మారాయి. నల్లటి గొర్రెలకు నుదుటి మీద తెల్ల మచ్చలు పడ్డాయి. చెవులు వేలాడసాగాయి. ఏడాదికి ఒకసారి ఈనేవి కాలం తప్పి రెండోసారీ ఈనేవి. రాయమల్లు దాన్ని కులదైవం బీరప్ప దయ అనేవాడు. పెద్దవైనా పిల్లల్లాగే మనిషి కాళ్ల మధ్య తిరిగే ఆ గొర్రెలను చూసి మల్లక్క మాత్రం ఇదేం దయ అని లోపల గొణుక్కునేది.

ఆమె గుబులుకు ఆజ్యం పోసింది మక్బూల్. బోథ్ అంగడిలో మాంసం కొట్టే మనిషి, రాయమల్లు దగ్గర మిగులు పొట్టేళ్లు కొంటాడు. ఒకరోజు పొట్టేలును తోలుకుపోవడానికి వచ్చి, నీళ్లిచ్చిన మల్లక్కతో ఉన్నట్టుండి అన్నాడు.

"ఏ గొర్రైనా కత్తి వాసనకే వణుకుతది చెల్లె. మీ గొర్రె, పక్కదాన్ని కోస్తుంటె నిలబడి నెమరేస్తది. అల్లా సాక్షి, గప్పుడు నాకే భయమైతది."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. మూత్రపిండం మీద ఉండే చిన్న గడ్డ ఈ గొర్రెల్లో మరీ చిన్నదిగా ఉంటే, ఏదైనా రోగమేమో అని గొడ్ల డాక్టరుకు చూపించాడట. రోగం కాదన్నాడట డాక్టరు. ఆపద కనిపిస్తే ఆ గడ్డలోంచే ఒక రసం నెత్తురులోకి దిగుతుంది, గుండె దడదడలాడేదీ, కాళ్లకు ఉరుకు వచ్చేదీ దాని చలవే, ఈ గొర్రెల్లో అది సరిగా ఊరడం లేదేమో అన్నాడట. మక్బూల్ పొట్టేలు మెడకు తాడు కూడా వేయకుండా నడిచి వెళ్లాడు. అది ఆయన వెనకే పోయింది.

వానలు వెనకబట్టాక పక్క గూడెంలో పులి ఎద్దును కొట్టింది. మర్నాడే ఒక దూడను కొట్టింది. ఇస్తారి వెంట తిరిగే కుక్కను ఎండాకాలంలోనే చిరుత ఎత్తుకుపోయింది. మోకాళ్ల నొప్పులతో రాయమల్లు అడవికి పోవడం మానేశాడు. భర్త మందను తోలుకుని మలుపు తిరిగిన దగ్గర నుంచి, పొద్దుగూకి మళ్లీ ఆ మలుపులో కనిపించేదాకా మల్లక్క ప్రాణం ఆమె దగ్గర ఉండేది కాదు. చివరికి తెగించి మామను అడిగింది. తల్లిగారి మంద నుంచి ఓ నాలుగు గొర్రెలు తెచ్చి కలుపుదామంది. అవి బెదురుతాయి, వాటిని చూసి భర్త ఆపద తెలుసుకుంటాడంది.

రాయమల్లు ముఖం నల్లబడింది. "నాలుగు ఉరికితె అన్ని ఉరుకుతయ్ బిడ్డా. మంద ఉరికితె వాడు అడవిల ఒక్కడైతడు. నువ్వు చూడలె, నేను చూసిన వాగు గుంటల."

"మంద ఉరకకుంటె పులి వచ్చిందని ఆయనకు చెప్పేదెవ్వరు మామా?"

రాయమల్లు చుట్ట నోట పెట్టుకుని, గీసిన అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలినా అంటించుకోలేదు. అది చూసి మల్లక్క ఇంకా హడలిపోయింది, ఈయనకు కూడా తెలుసన్నమాట.

మర్నాడు మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టెలు మూటగట్టుకుని వాగు దిక్కు వెళ్లింది. పిట్ట కూత లేదు. కోతులు కూడా ఎటో పోయాయి.

వాగు ఒడ్డున మంద ప్రశాంతంగా మేస్తోంది. మందకు అవతల ఒక బండ మీద ఇస్తారి, ఆమెకు వీపు చేసి, కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతున్నాడు. మంద మధ్యలో ఒక గొర్రె పడి ఉంది. పడుకుని ఉందనుకుంది మొదట. తర్వాత మెడ కనిపించింది, మెడ ఉండాల్సిన చోట ఉన్న ఎరుపు కనిపించింది. దాని పక్కనే, నెత్తురు పడని గడ్డిని ఏరుకుని, మిగతావి మేస్తున్నాయి. వాటికి కాస్త ఆవల ఎండుగడ్డి పసుపులో నల్లచారలు ఉన్నాయి.

మల్లక్క కేక వేయబోయి ఆగింది. కేక వేసి లాభమేమిటి? పులికి వినపడుతుంది, మొగుడికి వినపడదు. మూట జారవిడిచి, మంద చుట్టూ తిరిగి, అడుగులో అడుగు వేసుకుంటూ బండ చేరి అతని ఎదురుగా నిలబడింది. పెదవులతో పులి అంది. చేత్తో చూపించింది.

ఇస్తారి మంద వైపు చూశాడు. గొర్రెలు మేస్తున్నాయి. పడి ఉన్నది పడుకున్నట్టే ఉంది. అతని ముఖంలోకి నవ్వు వచ్చింది, పిచ్చిపిల్లను చూసి నవ్వే నవ్వు. చెవులు పోయిన నాటి నుంచి హెచ్చుతగ్గులు లేని ఆ గొంతుతో అన్నాడు.

"గొర్లు మేస్తున్నయ్ గదనే. పులెక్కడిది?"

చిన్నప్పుడు తండ్రి నేర్పిన చదువు అది. నీకు వినపడదు కాబట్టి గొర్రెలను చూడు, అవి మేస్తున్నంతసేపు నీకేం కాదు అని చెప్పి చెప్పి నూరిపోశాడు. ఆ చదువు చెప్పిన చేతులతోనే గొర్రెల్లోంచి భయాన్ని ఏరి పారేశాడు. రెండూ ప్రేమతో చేసినవే. మల్లక్కకు మామ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఒక్క క్షణం పులి కూడా గుర్తులేదు.

అప్పుడే మంద పొట్టేలు తల ఎత్తింది. గడ్డిలో ఉన్న కొత్త ప్రాణిని చూసింది. మూతి చాచి, తోక ఆడించుకుంటూ, వాసన చూడటానికి దాని దగ్గరికి బయలుదేరింది. అది దారి తప్పుతోందనుకున్నాడు ఇస్తారి. కదురు చంకలో పెట్టుకుని, దాన్ని మళ్లించడానికి తానూ ఆ వైపే నడిచాడు.

మల్లక్క అతని చేయి పట్టి లాగింది. విడిపించుకున్నాడు. మళ్లీ పట్టింది. ఏం చెప్పినా నమ్మడని తెలిసిపోయింది. అతని అరచేయిని తన గుండెల మీద వేసి రెండు చేతులతో అదిమిపెట్టింది. లోపల గుండె పక్కటెముకలను బాదుతోంది. అతను ముందు చిరాకుగా చూశాడు. తర్వాత అరచేతిని చూశాడు. తర్వాత ఆమె కళ్లలోకి చూశాడు. ఆ ముఖంలోంచి నవ్వు జారిపోవడం మల్లక్క చూసింది.

గడ్డి చీలినట్టయింది. పొట్టేలు ఒక్కసారి కాళ్లు తన్నుకుంది, అంతే. పులి దాన్ని నోట కరుచుకుని, ఆలుమగల వైపు కాసేపు చూసి, పొదలోకి ఈడ్చుకుపోయింది. గొర్రెలు దారి ఇచ్చాయి. ఒకటి రెండు ఆ దారిలో పడ్డ నెత్తురు వాసన చూశాయి.

ఇద్దరూ వెనకడుగులు వేస్తూ, పొదను చూస్తూ, ఊరి వైపు వచ్చారు. ఎవరూ తోలకుండానే మంద వాళ్ల కాళ్లకు అడ్డం పడుతూ వెంట వచ్చింది.

దొడ్డి దగ్గర రాయమల్లు ఎదురొచ్చాడు. కోడలి ముఖం చూసి, పొట్టేలు లేకపోవడం చూసి సంగతి గ్రహించాడు. ఇస్తారి తండ్రి వైపు చూడలేదు. దొడ్డిలో నిలబడి చేతికర్ర ఎత్తి నేల మీద కొట్టాడు. గొర్రెలు దగ్గరికి వచ్చాయి. అరిచాడు, ఆ అరుపుకు వీధిలో పిల్లలు ఇళ్లలోకి పారిపోయారు. గొర్రెలు ఇంకా దగ్గరికి వచ్చాయి. ఏడుస్తూ ఒక ముసలి గొర్రె వీపు మీద కొట్టాడు. అది తూలి, నిలదొక్కుకుని, అతని చేయి వాసన చూసింది. ఉరకండి ఉరకండి అని అరుస్తూ కనిపించినదాన్నల్లా కొట్టసాగాడు. ఒక్కటీ ఉరకలేదు.

రాయమల్లు గోడ పట్టుకుని నడుస్తూ దొడ్డిలోకి వచ్చాడు.

"కొట్టకు బిడ్డా. నీ కోసమే గిట్ల చేసిన వాటిని."

ఇస్తారికి అది వినపడలేదు. మల్లక్కకు వినపడింది. తెల్లవారితే మేతకు మళ్లీ ఆ మందనే తోలాలి, మళ్లీ ఆ అడవికే పోవాలి. ఆమె దొడ్డిలోకి వెళ్లి భర్త చేతిలోంచి కర్ర తీసుకుంది, రేపటి నుంచి తానూ అతని వెంట పోతానని సైగ చేసింది. అతను తల ఊపాడు కానీ కళ్లు ఆమె భుజం మీదుగా, ఎవరూ లేని దారిలో ఏదైనా కదులుతోందా అని చూస్తున్నాయి.