కెమెరా పక్కన చోటు

అన్యాయం ఎవరికి జరిగింది? కథానాయికకు. ఎలా జరిగింది? తెరమీద ఆమె కురిపించిన ప్రేమనంతా ఒక దీపపు స్టాండు మీద కురిపించవలసి వచ్చింది.

దగ్గరి షాటులో ఒక్కరి ముఖమే కనిపిస్తుంది. రెండోవారు కెమెరా పక్కన నిలబడి, మాట అందించి, చూసుకోవడానికి తమ కళ్ళివ్వాలి. అది సాటి నటుల మర్యాద. నాయకుడి వంతు వచ్చినప్పుడు, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా ఆమె నిలబడేది. ఆమె వంతు రాగానే ఆయన మేకప్ గదిలో నడుం వాల్చేవాడు. స్టాండుకు అంటించిన కాగితం ముక్కను చూస్తూ ఆమె విరహం ఒలికించేది. ఆ జంట చూపులు కలిసిన తీరుకు జనం మాత్రం మైమరచిపోయారు.

ఇప్పుడు ఆమె చెల్లెలి కూతురు తన తొలి సినిమా తీస్తోంది. ఏళ్ళ తర్వాత గుమ్మంలోకి వచ్చిన భర్తను వృద్ధురాలి వేషంలో ఆమె చూడాలి. అదే ఆఖరి షాటు. పొద్దుటినుంచీ ఎన్నిసార్లు తీసినా ఆ చూపు రావడం లేదు.

“పెద్దమ్మా, కెమెరా పక్కన అంటించిన ఆ నీలం చుక్కను చూడు, చాలు.”

“బతుకంతా చుక్కల్నే చూశానే! ఇక నావల్ల కాదు. ఆనాటి నా హీరోగారిని పిలిపించు. నిలబడితే షాటు ఉంటుంది. లేదంటే ఇంకో ముసలిదాన్ని వెతుక్కో.”

“పాపం, ఆయనకు మోకాళ్ళ నొప్పులటగా?”

“నిలబడమన్నాను గానీ గంతులేయమన్నానా?”

మర్నాడు మధ్యాహ్నం చేతికర్ర ఊతంతో ఆయన వచ్చాడు.

“ఏం మహారాణీ, ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా?”

“మరిచిపోతేగా! మీరు నిద్రపోయిన షాట్లన్నీ గుర్తే.”

ఆయన నవ్వు సగంలోనే ఆగిపోయింది. “నిద్రెక్కడ పట్టింది? అక్కడ నిలబడి చూస్తే, నాకన్నా నువ్వే బాగా చేస్తున్నావని ఒప్పుకోవలసి వస్తుందని పారిపోయేవాణ్ణి.”

“అది ఊరంతా ఒప్పుకున్నదే. మీరొక్కరే మిగిలారు.”

ఎవరో కుర్చీ తెచ్చారు. ఆయన దాన్ని పక్కకు నెట్టించి, కర్ర గోడకు ఆనించి, కెమెరా పక్కనే నిలబడ్డాడు.

దీపాలు వెలిగాయి. వెలుగు పాలనురుగులా గదినిండా పొంగింది. గోడలు కరిగాయి, మనుషులు మసకబారారు, కెమెరా సైతం ఎటో తేలిపోయింది. ఆ తెల్లదనంలో రెండు కళ్ళు మిగిలాయి. అవి ఆమెనుంచి ఏమీ ఆశించడం లేదు. ఏ తెరమీదా కనిపించని ఆ ముఖంలో, ఏ మెప్పూ దక్కని చోట, ఆయన తన నటననంతా ఆమెకు ధారపోస్తున్నాడు.

“వచ్చారా?” అందామె.

“వచ్చాను.”

ఆమె ముఖంలో ఏదో నెమ్మదిగా తెల్లవారింది. దర్శకురాలు ‘కట్’ చెప్పడం మరిచి కళ్ళు తుడుచుకుంది.

ఆయన కాళ్ళు వణుకుతున్నాయి. అయినా కదలలేదు. “ఇంకొకటి తీయించు, మహారాణీ. నిలబడగలను.”

“అక్కర్లేదు,” అంటూ ఆమె లేచి, తన కుర్చీని ఆయన వెనక్కి జరిపింది. “బాకీ మొత్తం ముట్టింది. ఇక కూర్చోండి.”