టీంలో నాలుగో మనిషి

"శోభా, జర చాయ్ తే. గిప్పుడు లేస్తే మ్యాచ్ పోతది" అన్నాడు సతీశ్, ఫోన్ మీంచి కళ్లెత్తకుండా.

కల్వకుర్తిలో విత్తనాల దుకాణం నుంచి ఐదింటికి రాగానే మా ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటాడు. నలుగురు ఒక టీంగా కలిసి ఫోన్లలో ఆడే తుపాకుల ఆట. పాలమూరులో పోటీ దగ్గరికొచ్చింది. అందుకని మా ఇంట్లో దాన్ని ఆట అనరు, ప్రాక్టీస్ అంటారు. "పోరని వేళ్లు నొస్తున్నయేమో, జర నూనె రాయరాదే" అంటుంది మా అత్తమ్మ హనుమమ్మ. స్కూల్లో పొద్దంతా నిలబడి పాఠాలు చెప్పి వచ్చి జొన్నరొట్టెలు కొట్టే నా వేళ్ల సంగతి ఆమెకెప్పుడూ తోచలేదు.

ఇదంతా అలవాటే. ఓర్వలేనిది వేరే ఉంది. ఆ టీంలో ఒక ఆడమనిషి. పేరు కౌసర్, ఊరు నారాయణపేట. "వారెవ్వా కౌసర్! నువ్వు ఎనక ఉంటే నాకు ఫికరే లేదు" అంటాడు సతీశ్. పెళ్లయినప్పటి నుంచి ఈయన వెనక ఉన్నది ఎవరు? టిఫిన్ డబ్బా, ఉతికిన అంగీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ, అన్నీ నేనే. నాతో ఎన్నడూ వారెవ్వా అనలేదు, "పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాడు. గోరింటాకు పండిన కౌసర్ సన్నటి వేళ్లను ఊహించుకుంటూ, పసుపు వదలని నా గోళ్లను చూసుకుంటూ గిన్నెలు తోమేదాన్ని.

వేసవి సెలవులొచ్చాయి. ఒక మధ్యాహ్నం అత్తమ్మ కునుకు తీస్తుండగా ఆ ఆటను నా ఫోన్లో ఎక్కించాను. ఆడాలని కాదు, ఆమె ఎట్లాంటిదో కనుక్కోవాలని. మా అమ్మమ్మ పేరు అండాలు, అదే పేరు పెట్టుకున్నాను. కౌసర్‌కు రిక్వెస్ట్ పంపితే ఒప్పుకుంది. తను మాట్లాడేది, నేను మైకు ఖరాబైందని చెప్పి టైపు చేసేదాన్ని.

మొదట్లో దిగీ దిగగానే చచ్చేదాన్ని. తూటా ఎటునుంచి వచ్చిందో కూడా తెలిసేది కాదు. కౌసర్ నవ్వలేదు. "అండాలక్కా, ఉరకకు. ముందుగాల చెవులతోటి ఆడు. అడుగుల సప్పుడు ఎటుదిక్కు వస్తాందో విను" అంది. చప్పుడు వినడం నాకు ఒకరు నేర్పాలా? అత్తమ్మ మంచం కిర్రుమంటే మంచినీళ్లతో, గేటు చప్పుడైతే చాయ్‌తో ఎదురు పోయేదాన్ని. ఆ చెవులు ఇప్పుడు నా కోసం పనిచేయడం మొదలుపెట్టాయి. కాల్చినప్పుడు తుపాకీ పైకి ఎగరకుండా తెర మీద బొటనవేలితో కిందికి లాగి పట్టడం మాత్రం చాలా రోజులకు గానీ రాలేదు. రోజూ కాసేపు ఆటలోనే గురి నేర్చుకోవడానికి పెట్టిన బొమ్మలను కాల్చి, తర్వాతే ఆమెతో ఆటలోకి దిగేదాన్ని. ఒకనాడు వరసగా ముగ్గురిని పడగొట్టాను. "సూపర్ అక్కా, గిదే కావాలె!" అని కౌసర్ అరిచింది. వంటింటి గోడకు ఆనుకుని ఎందుకో ఏడ్చాను.

అయినా ఈర్ష్య పోలేదు. జాగా మారింది, అంతే. ఒకరోజు ఆట మధ్యలో కౌసర్ వైపు నుంచి పసిపిల్ల ఏడుపు, వెంటనే ఉర్దూలో ఓ పెద్దామె గొంతు వినిపించాయి. "మా అత్త, లాల్ బీ. నువ్వాడుకో, పిల్లను నేనెత్తుకుంట అంటాంది" అంది కౌసర్, అదేమంత విశేషం కానట్టు.

నా వేళ్లు ఆగిపోయాయి. ఎవడో కాల్చితే పడిపోయాను. ఇన్నాళ్లూ ఈమెకు నా మొగుడు ఇచ్చే మెప్పు చూసి కుళ్లుకుంటున్నాననుకున్నాను. కాదు. నాకు కావలసింది ఆ గంట, దొంగిలించక్కర్లేని గంట. సతీశ్‌కది అడగకుండానే దక్కింది. కౌసర్‌కు వాళ్లత్త ఇచ్చింది. నాకెవరూ ఇవ్వలేదు సరే, నేను మాత్రం ఎప్పుడు అడిగాను?

పోటీ ఇంకో వారం ఉందనగా కౌసర్ అడిగింది, "మా టీంలకు వస్తవా అక్కా?" అని. ఒక పేరు తీస్తే గానీ నాకు జాగా లేదనీ, ఈమధ్య ఆటలో వెనకబడ్డ ఆ పేరు ఎవరిదో కూడా నాకు తెలుసు. వస్తానని టైపు చేశాను.

ఆ సాయంత్రం సతీశ్ హెడ్‌ఫోన్లు మంచం మీదికి విసిరికొట్టాడు. "నన్ను టీంల నుంచి తీసేసిన్రు. ఎవరో అండాలంట, గామెను తీసుకున్నరు. గా ముసలి పేరుది యాడికెల్లి వచ్చిందో!" ముఖం నల్లబడి ఉంది. ఆ ముఖాన్ని వెంటనే గుర్తుపట్టాను. గిన్నెలు తోమేటప్పుడు నాదీ అట్లాగే ఉండేది.

కాసేపటికి వంటింట్లో నా ఫోన్ మోగింది. ముందు గదిలోంచి ఆయనే, ఆటలో అండాలుకు మెసేజ్ పంపాడు: "నమస్తే మేడం. మీ ఆట చూసిన, చాలా బాగున్నది. రోజుకు ఎంతసేపు ప్రాక్టీస్ చేస్తరు? ఇంటిపనితోటి తిప్పలు కాదా?"

మళ్లీ మళ్లీ చదివాను. నమస్తే. మేడం. చాలా బాగున్నది. ఈ మాటలన్నీ ఆయన దగ్గర ఉన్నాయన్నమాట. గోడకు అవతలే ఉన్నాయి, ఇన్నేళ్లూ.

చేతుల పిండి కడుక్కుని, పొయ్యి ఆపి, ముందు గదిలోకి వెళ్లాను.

"రొట్టెలైనయా?" అంది అత్తమ్మ.

"కాలేదు" అని సతీశ్ ఒళ్లో నా ఫోన్ పెట్టాను. తను పంపిన మాటలు తనే చదువుకుని, పైన ఉన్న పేరు చూసి, తలెత్తాడు.

"అడిగినవు కదా" అన్నాను. "రోజుకు ఒక్క గంటనే దొరుకుతాంది, అది గూడ దొంగతనంగ. రేపటి సంది నాకు రెండు గంటలు కావాలె. పిండి పళ్లెంల ఉన్నది. రొట్టెలు ఎవరు చేస్తరో మీ తల్లీకొడుకులు మాట్లాడుకోండ్రి."