బోర్లించని కల్వం

నేను ఒక కల్వాన్ని. మందులు నూరే నల్లరాయిని. ఈ కాలం వాళ్ళకు నేనేమిటో తెలియదు. ఒకరు సబ్బు పెట్టుకునే తొట్టి అనుకుంటారు, ఇంకొకరు పిచ్చుకలకు నీళ్ళు పోసేది అనుకుంటారు. మొన్న ఒక చుట్టం సిగరెట్టు బూడిద నాలో దులిపాడు. ఇంటావిడ ఈరమ్మ చేతిలో చీపురు చూసి మళ్ళీ తనే తుడిచాడు.

పుట్టింది ఆళ్ళగడ్డలో. విగ్రహాలు చెక్కే పెద్దాయన ఒకడు పెద్ద బండలోంచి ఆంజనేయస్వామిని తీశాక, మిగిలిన ముక్కను పారేయడానికి మనసొప్పక నన్ను చేశాడు. ఒకటే బండ, ఒకటే ఉలి. ఆ స్వామి గుళ్ళో సిందూరం పూయించుకుని వడమాలలు వేయించుకుంటున్నాడు. నేను నేలవేము పసరు తాగాను. ఎవరి రాత వాళ్ళది.

నన్ను కొనుక్కున్నది మద్దిలేటయ్య. చుట్టుపక్కల ఊళ్ళకు ఆకుమందు ఇచ్చే మనిషి. కామెర్లకూ కడుపులో శూలకూ జనం ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయనకు పట్టింపులు ఎక్కువ. మందాకు పేరు బయటికి చెప్పకూడదు, చెబితే గుణం పోతుంది. మందు రోగి ఇంట్లోనే, ఆ ఇంటి మనిషే నూరాలి. అందుకని మండలం, అంటే నలభై రోజుల పాటు నన్ను ఆ ఇంట్లో వదిలి వెళ్ళేవాడు. నేను వెల్లకిలా ఉన్నంతకాలం అక్కడ పథ్యం నడుస్తున్నట్టు లెక్క. మండలం నిండాక నన్ను కడిగి, పసుపు రాసి బోర్లించేవాళ్ళు. బోర్లిస్తే విడుపు, పథ్యం తీరినట్టు. ఆరోజు చుట్టాలు వచ్చి, రోగి ఇన్నాళ్ళూ మానినవన్నీ ఒక్క పూటలో తినిపించేవాళ్ళు. మండలం పాటు కడుపుకు కాపలా కాసి, మర్నాడు దానిమీదే దండయాత్ర చేయడం మనుషులకు మాత్రమే చేతనైన పని. నేను ఎన్ని ఇళ్ళు తిరిగినా ఇందులో తేడా చూడలేదు.

అలా తిరుగుతూ కుళ్ళాయప్ప ఇంటికి వచ్చాను. ఆయన పెళ్ళిళ్ళకు వంటమాస్టరు. ఆయన బిర్యానీ దింపుతున్నాడంటే పక్క వీధి వాళ్ళు కూడా పెళ్ళికొడుకు తరఫు చుట్టాలయ్యేవాళ్ళు. అలాంటి మనిషి ఎముకల గూడై మంచం మీద ముందుకు వంగి, మోకాళ్ళు కావిలించుకుని కూర్చునేవాడు. పైకడుపులో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోతుందని చెప్పేవాడు. వెల్లకిలా పడుకోలేడు. ఏం తిన్నా ఒంటికి పట్టదు. కర్నూలు డాక్టరు పాంక్రియాస్ వాపు అన్నాడు. అర్థం కాలేదంటే తెలుగులో క్లోమం అన్నాడు. అదీ అర్థం కాలేదు. మందులు వాడాలి, నూనె, మాంసం, సారా బతికినన్నాళ్ళూ ముట్టకూడదు అన్నాడు. కుళ్ళాయప్ప బుద్ధిగా తలూపి, ఆ వారమే ఒక పెళ్ళిలో మటన్ రుచి చూశాడు. రుచి చూడకుండా వంట ఎలా దింపుతాడు మరి?

అప్పుడు ఆయన పెళ్ళాం ఈరమ్మ మద్దిలేటయ్యను పిలుచుకొచ్చింది. ఆయన నాడి పట్టుకుని ఇది ముదిరిన శూల అన్నాడు. నేలవేమూ తిప్పతీగా, మరొక వేరూ ఇచ్చాడు. ఆ వేరు పేరు నాకు తెలుసు గానీ చెప్పను. పథ్యం చెప్పాడు: గంజి, మజ్జిగ తేట, ఉప్పులేని కూడు. పథ్యం తప్పితే మందే విషమవుతుందన్నాడు.

డాక్టరు మాటకు తలూపిన మనిషి ఈ మాటకు వణికిపోయాడు. తెల్లవారకముందే ఈరమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా ఆకు కోసుకొచ్చి నాలో నూరేది. ఆమె చెయ్యి బరువు. పొత్రం తిప్పుతుంటే నా పక్కలు అరిగేవి. ఆ పసరు తాగి కుళ్ళాయప్ప పెట్టిన ముఖాలు చూడవలసిందే. కానీ నోరు మాత్రం కట్టేసుకున్నాడు. వంటకు పోయినా ఉప్పూ కారం సహాయకుల చేత చూపించాడు. మెల్లగా నొప్పి సద్దుమణిగింది. కాళ్ళు చాపి పడుకున్నాడు. ఊరంతా ఆకు మహిమ అన్నారు. ఆకు పనిచేసిందో, నోరు కట్టేసుకోవడం పనిచేసిందో నేను చెప్పలేను. రాయిని, వైద్యం చదువుకోలేదు.

మండలం నిండింది. నన్ను కడిగి బోర్లించారు. ఈరమ్మ తమ్ముడు రంగన్న విడుపు పెట్టడానికి వచ్చాడు. నాటుకోడి పులుసు, అలసంద వడలు, నెయ్యి కారుతున్న ఓళిగలు, సంచి అడుగున ఒక సీసా. మనిషి మంచివాడే. బావ బాగుపడ్డాడన్న సంతోషంలో కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ వడ్డించాడు. ప్రేమగా పెట్టిన కూడు వద్దనడం కుళ్ళాయప్పకు చేతకాదు. నేను బోర్లా ఉన్నాను కాబట్టి తినడం చూడలేదు. అరుపు మాత్రం విన్నాను. చీకటి పడకముందే ఆటోలో వేసుకుని పోయారు.

ఆస్పత్రినుంచి బతికి వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు. పొయ్యి వెలిగించకముందే ఈరమ్మ నా దగ్గరికి వచ్చి, నన్ను వెల్లకిలా తిప్పి, చిటికెడు పసుపు వేసింది. పసరు ఆపేయమని డాక్టరు చెప్పాడు గదా అని కుళ్ళాయప్ప నీరసంగా గొణిగాడు. డాక్టరు ఇచ్చిన క్యాప్సూల్స్ అన్నంతో మింగు, పసరు వద్దు, పథ్యం మాత్రం ఉందని ఆమె చెప్పింది. మంగళవారం విడుపు పెట్టకూడదట, తెలియక పెట్టారట, అందుకే తిరగబడిందట. మళ్ళీ విడుపు ఎప్పుడో తనే చెబుతుందట. మంగళవారం సంగతి మద్దిలేటయ్య నోట నేనెప్పుడూ వినలేదు.

కొన్నాళ్ళకు మద్దిలేటయ్య నాకోసం వచ్చాడు. వేరే ఊళ్ళో రోగి ఎదురుచూస్తున్నాడట. డాక్టరు ఏమన్నాడని అడిగాడు. బతికినన్నాళ్ళూ పథ్యమేనన్నాడని ఈరమ్మ చెప్పింది.

"నేనూ అదే చెప్పినా కదమ్మా," అన్నాడాయన. "కాకపోతే నాది మండలమే."

నన్ను ఎత్తబోయాడు. ఈరమ్మ అడ్డం నిలబడింది.

"తీసకపోవాలంటే బోర్లించాల. బోర్లిస్తే ఈయప్ప తింటాడు, తింటే పోతాడు. డాక్టరు మాట వినేరకం కాదు సామీ, మీ రాయి మాట ఇంటాడు. దీన్ని ఎత్తుకపోతే ఈ మనిషిని గూడా మీతోనే ఎత్తుకపోండి."

మద్దిలేటయ్య అరుగుమీద కూర్చున్నాడు. మజ్జిగ ఇస్తే తాగాడు.

"ఉండనీలేమ్మా. నేను ఇంకోటి చెక్కించుకుంటా," అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత శూల అని వచ్చినవాళ్ళను ముందు ఆస్పత్రిలో చూపించుకు రమ్మనేవాడని విన్నాను.

అప్పటినుంచీ నాకు పని లేదు. ఆకు ముట్టి ఏళ్ళయింది. చుట్టాలు కూరగిన్నెలు పట్టుకుని వస్తారు. ఒక్క ముక్కకేమవుతుందంటారు. ఈరమ్మ నోరు విప్పదు, నావైపు చెయ్యి చూపిస్తుంది. డాక్టరుతో వాదించేవాళ్ళు ఉన్నారు గానీ కల్వంతో వాదించేవాడు ఇంకా పుట్టలేదు.

ఒక్కసారి మాత్రం భయపడ్డాను. రంగన్న కూతురి పెళ్ళి. వంటంతా కుళ్ళాయప్పదే. మధ్యాహ్నం ఆయన ఒక్కడే ముందుగా ఇల్లు చేరాడు. చేతిలో టిఫిన్ క్యారియర్. మూత సందులోంచి వస్తున్న వాసన ఆయన చేతి బిర్యానీదే. ఎన్నేళ్ళుగానో వండుతూ, నాలుక మీద పెట్టుకోని బిర్యానీ. నా పక్కన చతికిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. రెండు చేతులూ నా కింద పెట్టి ఎత్తాడు. సగం వంచాడు. నాలో పసుపు జారి నేలమీద పడింది. అయ్యో, ఇంత అరిగీ ఈ మనిషిని నిలుపుకోలేకపోయానే అనుకున్నాను. రాళ్ళకు గుండె లేదంటారు. నాకు ఆ క్షణాన ఉంది.

ఆయన అలాగే పట్టుకుని ఉండిపోయాడు. తర్వాత నన్ను మెల్లగా వెల్లకిలా పెట్టి, నేలమీది పసుపును వేలితో పోగుచేసి మళ్ళీ నాలో వేశాడు. క్యారియర్ పట్టుకెళ్ళి పక్కింటివాళ్ళకు ఇచ్చి వచ్చాడు.

సాయంత్రం ఈరమ్మ వచ్చింది. నేలమీద పచ్చటి మరక చూసింది. నన్ను చూసింది, మొగుడి చేతివేళ్ళను చూసింది. కొంగుతో మరక తుడిచి, గంజి కాచి, గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

కుళ్ళాయప్ప ఒక గుక్క తాగి, వంటమాస్టరు కదా, పెదవి విరిచాడు.

"ఉప్పు ల్యా."

"పథ్యం అయిపోయినాక ఏస్తాలే."

ఎప్పుడు అయిపోతుందని ఆయన అడగలేదు. గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, కాళ్ళు చాపి పడుకున్నాడు.