ఉప్పు డబ్బా ఏ అరలో

మొగుడి మీద ఆమెకు పెద్ద ఫిర్యాదులేం లేవు. తాగడు, తిట్టడు, చెత్తబుట్ట నిండితే దానికేసి జాలిగా చూస్తాడు కూడా. లోపం ఒక్కటే. నాలుగేళ్ళుగా కాపురం చేస్తున్న ఇంట్లో ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో తెలియదు. ఇన్నాళ్ళూ అది నవ్వుకునే సంగతి. ఇప్పుడు ఆమె బతుకంతా ఆ డబ్బాకే వేలాడుతోంది.

అతనిది ఈ దేశం, ఆమెది వేరే దేశం. పెళ్ళి నిజమేనని నమ్మితే వీసా పొడిగిస్తారు, లేకపోతే నెల తిరక్కుండా ఆమె పెట్టె సర్దుకోవాలి. ఇద్దర్నీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతారట. అందుకని వారంగా అతన్ని పరీక్షకి తయారుచేస్తోంది.

"ఉప్పు?"

"పొయ్యి పైన, ఎడంవైపు."

"సబ్బుపొడి?"

"అదీ పొయ్యి పైనే."

ఆమెకు తిండి సహించడం మానేసింది. అత్తగారు మాత్రం తాపీగా, "కాగితాల కోసం కాకపోతే మావాడిలో ఏం చూసి చేసుకుంటారమ్మా ఎవరైనా" అనేది. ఆ మాటకు నొచ్చుకోవలసింది కొడుకో కోడలో ఇద్దరికీ తేలలేదు.

పిలిచిన రోజున, వీసా ఆఫీసు గదిలో ఒక బల్ల, అవతల కళ్ళజోడు ఆఫీసరమ్మ. అతని చెప్పుల సైజు, నొప్పి పెట్టే భుజం, పళ్ళ బ్రష్షు రంగు, అడిగినవన్నీ ఈమె గడగడా అప్పజెప్పింది.

"ఇంట్లో పనెవరు చేస్తారు?"

అతనేమని ఉంటాడో ఆమెకు తెలుసు. ఇంటికెవరొచ్చినా "మా ఇంట్లో అంతా సగం సగమండీ" అంటాడు. తడిచేతులతో టీ కప్పులు తెస్తూ ఆమె నవ్వుతుంది. ఇప్పుడూ అదే అంటే చాలు, జవాబులు కలిసిపోతాయి. కొత్త అబద్ధమేం కాదు, నాలుగేళ్ళుగా నవ్వుతూ ఒప్పుకుంటున్నదే. కానీ ఇక్కడ రాసుకుంటున్నారు. రాసినదాని కింద తను సంతకం పెట్టాలి. ఒళ్ళో చేతులకేసి చూసుకుంది. సబ్బునీళ్ళకు వేలికొసలు పగిలి ఉన్నాయి.

"నేనే," అంది. "అన్నీ."

"అన్నీ అంటే?"

చెప్పింది. అతని చొక్కా గుండీల దగ్గర్నుంచి అత్తగారి మాత్రల వరకూ. తన పెట్టె తన నోటితోనే సర్దుకున్నట్టనిపించింది.

కాసేపటికి అతన్నీ పిలిచి, ఆఫీసరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "అన్నీ కలిశాయి, ఉప్పుతో సహా. ఇదొక్కటే. ఆయన సగం సగం అన్నారు, మీరు అన్నీ నేనే అన్నారు. అబద్ధం ఎవరిదో ఇప్పుడే ఒప్పుకుంటే వీసా పొడిగించి ఫైలు ఇక్కడే ముగిస్తాను. లేకపోతే పై అధికారులకు వెళ్తుంది."

చుట్టాల ముందు చూసినట్టే అతను ఆమెకేసి చూశాడు. ఆమె నవ్వు కోసం ఆగాడు. ఆమె నవ్వలేదు.

"నాదేనండీ," అన్నాడు చివరికి, బల్లకేసి చూస్తూ.

ఆఫీసరమ్మ ముద్ర చేతిలోకి తీసుకుని ఆగింది. "వివరంగా చెప్పండి. రాయాలి."

"నేను ఏ పనీ చెయ్యను. సబ్బుపొడి ఎక్కడుంటుందో ఇప్పటికీ తెలీదు. సగం సగమని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. తప్పు నాదే."